మూడు మేకుల మందులషాపు

ఆ రోజు బాపట్లలో నాకు కావలసింది రెండు తలనొప్పి బిళ్ళలు, అంతే. పరీక్షల డ్యూటీకి వెళ్ళి పొద్దున్నుంచీ హాల్లో అటూ ఇటూ తిరిగి, బస్టాండుకి పోతూ దారిలో కనబడిన మందులషాపులో దూరాను. కౌంటరు వెనక బీరువాలో ఏదో సర్దుకుంటున్న అమ్మాయి నా వైపు తిరక్కుండానే "ఎవరికండి?" అంది. ఎన్ని అనలేదు, ఎవరికి అంది. బిళ్ళలడిగితే ముందు ఆ మాట అడిగే మనిషి నాకు తెలిసి ఒక్కరే.

ఆ అమ్మాయి ఇటు తిరిగి, "మేడం!" అంటూ బయటికొచ్చేసింది. లావణ్య. పిట్టలవానిపాలెం పిల్ల. తెనాలి దగ్గర నేను పాఠాలు చెప్పే ఫార్మసీ కాలేజీలోనే చదివింది. "ఈ 'ఎవరికి' ఎక్కడ నేర్చావో నాకు తెలుసులే" అని నవ్వబోయాను. తను నవ్వలేదు.

"భాయ్ గారు పోయారు మేడం. మీకు తెలీదా? నలభయ్యో రోజు ఫాతెహా కూడా అయిపోయింది. మా బ్యాచ్ వాళ్ళం వెళ్ళొచ్చాం."

"నాకు ఒక్కళ్ళూ చెప్పలేదేంటే?"

లావణ్య నా బిళ్ళలు కత్తిరించి కవర్లో వేసింది. "చెప్పాలో వద్దో తెలీలేదు మేడం" అంది. పొడవాలని అన్నది కాదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

తెనాలి బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. కిటికీ పక్కనొకసారి, తలుపు దగ్గరొకసారి నిలబడ్డాను. "కూచోమ్మా, తిరగలేక చస్తున్నాం" అని కండక్టరు విసుక్కున్నాడు. ఇంటికొచ్చినా అదే వరస. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచాను. ఏదో ఒకటి రాసి పారేస్తే గానీ ఒకచోట కుదురుగా ఉండలేననిపించి మొదలుపెట్టాను.

రేపల్లె స్టేషన్ రోడ్డులో ఆయన షాపు. ఊరికి మందుల భాయ్. బోర్డు మీద పేరుండేది గానీ ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళని నేను చూడలేదు. నేనూ ఇక్కడ రాయను. కాయితం మీద తన పేరు చూసుకోవడం ఆయనకి మహా చిరాకు.

మా కాలేజీ పిల్లల్ని మందులషాపుల్లో కూర్చోబెట్టి, రోగులతో మాట్లాడించి, మందులు సరిగ్గా వాడుతున్నారో లేదో చూడాలన్నది అప్పట్లో నా పట్టుదల. ఆస్పత్రులతో ఒప్పందాలున్నాయి, షాపులతో ఎందుకుండకూడదు? జనం డాక్టరు దగ్గరికి ఆర్నెల్లకోసారి వెళ్తే షాపుకి నెలకి నాలుగుసార్లు వెళ్తారు కదా! ఇలా ఉపన్యాసం తయారుచేసుకుని తెనాలిలో షాపు షాపూ తిరిగాను. "గిరాకీ టైములో మీ పిల్లలు నిలబడితే జనం ఎక్కడ నిలబడాలమ్మా?" అన్నారు ఒకరు. ఇంకొకరు మజ్జిగ ఇప్పించి సాగనంపారు. చివరికి రేపల్లె పాసింజరెక్కి ఈయన దగ్గరికొచ్చాను. నా ఉపన్యాసం సగంలో ఉండగానే, "పంపండి. తెల్లకోట్లు మాత్రం వద్దండి" అన్నారు.

"ఎందుకండీ? డ్రస్సు అది."

"కోటు చూస్తే మావాళ్ళు డాక్టరనుకుంటారు. అన్నిటికీ సరేనంటారు. సరే అనేవాళ్ళతో మనకేం పనండీ?"

ఒప్పందం సంతకాల రోజు మా ప్రిన్సిపాల్ శాలువా, పూలగుత్తి, ఫొటోగ్రాఫర్‌ని వెంటేసుకుని వచ్చారు. భాయ్ గారు ఆ నాలుగు పేజీలూ నిలబడే చదివారు. కాలేజీ బాధ్యతలు, షాపు బాధ్యతలు, విద్యార్థుల బాధ్యతలు అన్నీ అందులో ఉన్నాయి. చదివి, కాయితం తిరగేసి వెనక కూడా చూసి, "ఇందులో పేషెంటు సంతకం ఎక్కడండి?" అన్నారు. ప్రిన్సిపాల్ జోకనుకుని నవ్వారు. ఫొటో తీసే వేళకి ఎవరో చంటిపిల్లని ఎత్తుకుని వస్తే ఈయన శాలువాతోనే అటు వెళ్ళిపోయారు. మా కాలేజీ వరండాలో ఇప్పటికీ ఉన్న ఆ ఫొటోలో ఆయన కుడి భుజం ఒక్కటే కనిపిస్తుంది.

అసలాయన కుదురుగా నిలబడగా నేను చూడలేదు. షాపులో ఒక్కటే స్టూలు, అది వచ్చినవాళ్ళకి. ఈయన కౌంటరు వెనక మూడడుగులు అటు, మూడడుగులు ఇటు. టీ తెప్పించుకుంటే సగం తాగి ఏదో అరలో పెట్టి మరిచిపోయేవారు. దగ్గుమందుల పక్కన చల్లారిన టీగ్లాసులు దొరికేవి మా పిల్లలకి. శుక్రవారం నమాజుకి గంట సేపు షాపు మూసినప్పుడు కూడా షట్టరు సగమే దించేవారట, ఎవరైనా వస్తే వెళ్ళిపోకుండా మెట్ల మీద కూర్చుంటారని.

షుగరుకో బీపీకో మందులకి వస్తే చాలు, "ఇంట్లో మందుల కవరు తెచ్చారా? ఏదీ, బోర్లించండి" అనేవారు. తేకపోతే మళ్ళీ పంపేవారు, అది పక్క వీధైనా సరే, పక్క ఊరైనా సరే. కవరు కౌంటరు మీద బోర్లిస్తే పాత బిళ్ళలు, కొత్త బిళ్ళలు, పక్కింటావిడ మంచిదని ఇచ్చినవి, ఎప్పటివో తెలియని సగం ముక్కలు, ఒకోసారి తాళంచెవి కూడా పడేది. ఈయన వాటిని వేలితో మూడు కుప్పలు చేసేవారు. వాడేవి, మానేవి, డాక్టర్ని అడగాల్సినవి. ఇదే పని గురించి నేను క్లాసులో మూడు గంటలు చెబుతాను. దానికి ఇంగ్లీషులో ఒక పేరు, ఒక ఫారం, ఫారంలో ఇరవై గళ్ళు ఉన్నాయి. ఆయన చేసేది చూశాక ఆ పాఠం చెప్పడానికి నాకు సిగ్గేసేది. చెప్పడం మాత్రం మానలేదు.

లావణ్యకి ఆయన నేర్పిన మొదటి పాఠం నా కళ్ళముందే జరిగింది. ఆయాసం ఉన్న పెద్దాయనొకరు పీల్చే మందు తీసుకోవడానికి వచ్చారు. చిన్న ప్లాస్టిక్ గొట్టం, అందులో వేసి పొడి పీల్చే క్యాప్సూళ్ళు. లావణ్య క్లాసు ఫస్టు. పది నిమిషాలు చక్కగా చెప్పింది. గొట్టంలో ఇలా పెట్టాలి, ఇలా తిప్పాలి, నోట్లో పెట్టుకుని గట్టిగా లోపలికి పీల్చాలి, పది అంకెలు లెక్కపెట్టాలి. పెద్దాయన ప్రతి మాటకీ తలూపారు. "అర్థమైందా తాతయ్యా?" అంటే "శుభ్రంగా అర్థమైందమ్మా, సరస్వతివి" అన్నారు. పిల్ల మొహం వెలిగిపోయింది, నాదీనూ.

భాయ్ గారు అటు నుంచి ఇటు తిరుగుతూ ఆగి, "బాబాయ్, ఇప్పుడు ఒకటి వేసుకుని చూపించు" అన్నారు.

పెద్దాయన క్యాప్సూలొకటి తీసి, టపీమని నోట్లో వేసుకుని, "కాసిని మంచినీళ్ళియ్యమ్మా" అన్నారు.

నేను నోరు నొక్కుకున్నాను. లావణ్యకి ఏడుపొకటే తక్కువ. భాయ్ గారు మాత్రం నవ్వలేదు, పిల్లనీ ఏమీ అనలేదు. పెద్దాయన చేత గొట్టం పట్టించి, తను ఎదురుగా నిలబడి, పీల్చడం వచ్చేదాకా చేయించారు. ఆయన వెళ్ళాక లావణ్యతో, "అర్థమైందంటే వాళ్ళు మనకిచ్చే మర్యాదమ్మా. అది పుచ్చుకుని ఊరుకోకు. చేసి చూపించమను" అన్నారు. నేను ఇరవయ్యేళ్ళుగా క్లాసు చివర "అర్థమైందా?" అని అడిగి, అందరూ "యస్ మేడం" అంటే పుస్తకం మూసేదాన్ని. అది ఆ పూట గుర్తొచ్చి చెడ్డ చిరాకేసింది.

ఇక మేకుల సంగతి. బీరువా పక్కన చెక్కకి మూడు మేకులుండేవి. కొత్త మందు ఎవరికిచ్చినా పేరు, ఊరు, ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి మొదటి మేక్కి గుచ్చేవారు. మర్నాడు షాపు తీయగానే ఆ చీటీలు రెండో మేక్కి మారేవి. ఆ మర్నాడు మూడోదానికి. మూడో మేక్కి వచ్చినవాళ్ళకి ఆ పూటే ఫోన్. "ఏం వేసుకున్నావు, ఎప్పుడు వేసుకున్నావు, ఎలా ఉంది?" అంతే. ఫోన్ లేనివాళ్ళకి ఆ ఊరు పోయే ఆటోవాళ్ళతో కబురు. "మొదటి రోజు భయంతో సరిగ్గా వేసుకుంటారండి. రెండో రోజు అలవాటుగా వేసుకుంటారు. మూడో రోజు సొంత తెలివి మొదలవుద్ది" అనేవారు.

మా పిల్లలు వెళ్ళాక ఆ ఫోన్లు వాళ్ళ పనే అయింది. ముచ్చటగా చేసేవాళ్ళు. నా చేతులు ఊరుకోవు కదా! ఈ కాలంలో మేకులేంటి, చీటీలేంటి అని, పేర్లన్నీ పిల్లల ఫోన్లలో పెట్టించి, ఒక గ్రూపు చేయించి, మూడో రోజు దానంతటదే గంట కొట్టేట్టు ఏర్పాటు చేశాను. భాయ్ గారి దగ్గరున్నది మీటల ఫోను. ఆ గ్రూపు ఆయనకి కనబడదు. "మీరు నిశ్చింతగా ఉండండి సార్, పిల్లలు చూసుకుంటారు" అన్నాను. ఖాళీ మేకుల వైపు ఒకసారి చూసి, "మీ ఇష్టమండి" అన్నారాయన. వద్దని ఉండాల్సింది. అన్నా నేను వినేదాన్ని కాదనుకోండి.

ఒక మంగళవారం పొద్దున మా కాలేజీకి తనిఖీ వస్తోందని తెలిసింది. పిల్లలందరూ క్లాసుల్లో, ల్యాబుల్లో కనబడాలి, బయట పోస్టింగులో ఉన్నవాళ్ళని వెంటనే రప్పించమని యాజమాన్యం హుకుం. నేను కాలేజీ బస్సు వేసుకుని రేపల్లె వెళ్ళాను. "మేడం, ఈ వారం పేర్లు చీటీల మీద రాసి భాయ్ గారికిచ్చి వస్తాను, పది నిమిషాలు" అంది లావణ్య. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ప్రిన్సిపాల్ ఫోను మీద ఫోను. "ముందు బస్సెక్కవే తల్లీ. కాలేజీ నుంచే ఫోన్లు చేసుకోవచ్చు" అన్నాను.

కాలేజీకి చేరగానే పిల్లల ఫోన్లన్నీ తీసుకుని అట్టపెట్టెలో పెట్టి ఆఫీసు గదిలో తాళం వేశారు. తనిఖీవాళ్ళ ముందు ఫోన్లు మోగితే బాగుండదట. మూడు రోజులు. ఆ పెట్టె నేను చూశాను. ఆఫీసులో సంతకం పెట్టడానికి వెళ్ళినప్పుడల్లా లోపలి నుంచి గంటలు మోగడం కూడా విన్నాను. విని ఊరుకున్నాను.

అలా మోగిన పేర్లలో నాగేంద్రమ్మ ఒకరు. చెరుకుపల్లి దగ్గర పల్లె, నాట్లకీ కలుపులకీ వెళ్ళే మనిషి. కాళ్ళు తిమ్మిర్లని తెనాలి డాక్టరుకి చూపించుకుంటే షుగరు బిళ్ళ రాసిచ్చాడు. అవి రేపల్లెలో మన షాపులోనే కొంది. అప్పటికే బాపట్ల డాక్టరు రాసిన బిళ్ళలేవో ఇంట్లో ఉన్నాయని లావణ్యకి చెప్పింది కూడా. వాటి పేరు చెప్పలేదు, చూడకుండా ఇది మానెయ్, అది మానెయ్ అనడానికి లేదు. పోనీ కవరు తీసుకు రమ్మంటే, ఆ రోజు ఈపురుపాలెంలో చెల్లెలింటికి పోతోంది. "కొత్తవి మాత్రం వేసుకో అత్తా, ఇంటికి చేరే రోజుకి నేనే ఫోన్ చేస్తా. రెండు అట్టల మీదా ఉన్న పేర్లు ఎవరిచేతైనా చదివించు. అప్పుడు చెబుతాను" అంది లావణ్య. అంతా సరిగ్గానే ఉంది. ఆ ఫోన్ ఒక్కటే వెళ్ళలేదు. పెట్టె తెరిచి ఫోన్లిచ్చేసరికి ఆ రోజు దాటిపోయింది, ఆ గంట మళ్ళీ మోగలేదు.

రెండూ ఒకే మందు, పేర్లే వేరు. నాగేంద్రమ్మ ఇంటికొచ్చి ఫోన్ కోసం ఒక పూట చూసింది. రాకపోయేసరికి రెండూ వేసుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ పెద్ద డాక్టర్లే, ఎవరిది మానేస్తే ఎవరిని తక్కువ చేసినట్టవుతుందోనని ఆమె మొహమాటం. వారం తిరక్కుండా నాట్లలో చక్కెర పడిపోయి, కళ్ళు తిరిగి, గట్టు మీద నుంచి పంటబోదెలోకి పడింది. తోటివాళ్ళు లాగి ఒడ్డునేసి నోట్లో బెల్లం పెట్టారు కాబట్టి బతికింది. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

ఈ సంగతి నాకు లావణ్య చెప్పింది, వెక్కుతూ. తర్వాత భాయ్ గారి నుంచి ఫోన్. తిడతారనుకున్నాను. "నాగేంద్రమ్మ వాళ్ళింటికెళ్ళొచ్చానండి. పొరపాటు నాదేనని చెప్పాను. పిల్లల పేరు గానీ మీ పేరు గానీ రాలేదు. మీరేం మనసులో పెట్టుకోకండి" అన్నారు. అప్పుడు నాకు కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది. ఇది రాయకపోతే ఈ రాసిందంతా దండగ.

ఆయనే మళ్ళీ, "పిల్లల్ని మళ్ళీ ఎప్పుడు పంపుతారు?" అన్నారు.

"చూద్దాం సార్, సెమిస్టరు అయ్యాక" అన్నాను. ఆ తర్వాత కూడా రెండుసార్లు అడిగారు. ఒకసారి మీటింగులో ఉన్నానన్నాను. ఇంకోసారి ఫోనే ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను ఆ షాపుకి? ఆయన ఒక్క కసురు కసిరి ఉంటే వెళ్ళేదాన్నేమో. ఆ ఏడాది నివేదికలో మాత్రం షాపులతో భాగస్వామ్యం విజయవంతంగా ముగిసిందని నేనే రాశాను. అందరూ బాగుందన్నారు.

బాపట్ల నుంచి వచ్చిన నాలుగో రోజుకి ఇక ఉండబట్టలేదు. సెలవు పెట్టి చెరుకుపల్లి వైపు వెళ్ళాను. లావణ్య ఊరి పేరు చెప్పింది, తనూ వస్తానంది. వద్దన్నాను. నాగేంద్రమ్మ ఇల్లు అడిగితే ఎవరో చూపించారు. వాకిట్లో ఎడమచేత్తో చీపురు పట్టుకుని ఊడుస్తోంది. అరవై దగ్గర పడ్డ మనిషి, ఎండకి కమిలిన మొహం. కుడిచెయ్యి మణికట్టు దగ్గర కాస్త పక్కకి తిరిగి ఉంది.

"ఎవరండీ?"

చెప్పాను. కాలేజీ, షాపు, పిల్లలు, అట్టపెట్టెలో మోగిన ఫోన్లు, పది నిమిషాలడిగితే నేను ఇవ్వకపోవడం. ఎక్కడా ఆగకుండా, ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని గబగబా చెప్పేశాను. ఆమె చీపురు గోడకానించి అంతా వింది.

"ఆ తప్పు భాయ్‌ది కాదమ్మా, నాది" అన్నాను.

"ఆయనేమో తనదని చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నువ్వొచ్చి నీదంటున్నావు" అంది. కుడిచెయ్యి కొంచెం ఎత్తి చూసుకుంది. "తప్పు ఎవరు పట్టుకుపోయినా చెయ్యి నాదేగా అమ్మా. నారుకట్ట పట్టుకుంటే జారిపోద్ది. నాట్లకి పిలవడం మానేశారు."

నేను వాకిట్లోనే అటూ ఇటూ కదులుతున్నాను. ఆమే లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది.

"నేను పడ్డాక భాయ్ వారం వారం ఫోన్ చేసేవాడు. ఒంట్లో బాగోనప్పుడు కూడా చేశాడు. ఇప్పుడు రెండు నెల్లవుతోంది, ఏం వేసుకుంటున్నావని అడిగినవాళ్ళు లేరు. మొన్న మళ్ళీ డాక్టరు బిళ్ళలు మార్చాడు. నాకెవరు చెబుతారు ఇంక?"

"నేను చెబుతానమ్మా. వచ్చే నెల నుంచి పిల్లల్ని కూడా ఇక్కడికి తెస్తాను" అన్నాను.

నాగేంద్రమ్మ మర్యాదగా తలూపింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నమ్మడానికి అప్పటికి నేను చేసిందేమీ లేదు. లోపలికెళ్ళి ఆ కొత్త బిళ్ళలతో పాటు ఇంట్లో ఉన్న మందుల కవరంతా పట్టుకురమ్మన్నాను.